నేపియరా, సుబాబులా, మల్బరీ ఆకా: మేక ఒంటికి ఏది పడుతుంది?

కొత్తగా మేకల కొట్టం కట్టుకున్నవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: "ఏ మేతలో ప్రొటీన్ ఎక్కువ?" గడ్డి కణుపులు అమ్మేవాళ్ల దగ్గర దీనికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సూపర్ నేపియర్ గడ్డిలో 18 శాతం అని ఒకరంటే, సుబాబుల్ చెట్టు ఆకులో 25 అని ఇంకొకరు. ఆ అంకెలు పట్టుకుని అరెకరం నాటేస్తారు. కొన్ని నెలలు తిరిగేసరికి "బాగానే తింటున్నాయి, బరువే రావడం లేదు" అనే మాట మొదలవుతుంది.

శాతం ఒక్కటే అడిగితే సరిపోదు. ఆ ఆకును దేనితో కలిపి పెడుతున్నాం, పొట్టలో అది ఎంత తొందరగా విడిపోతుంది, విడిపోయినదాన్ని వాడుకోవడానికి పక్కన ఇంకేం ఉంది, ఇవి తెలియాలి. ఒకే సుబాబుల్ ఆకు ఒక కొట్టంలో కండ అవుతుంది, పక్క కొట్టంలో మూత్రమై పోతుంది. తేడా ఆకులో లేదు, దానికి తోడుగా పెట్టిన మేతలో ఉంది.

అసలు ల్యాబ్‌లో కొలిచేది కూడా ప్రొటీన్ కాదు, నత్రజని. వచ్చిన అంకెను 6.25తో గుణించి ముడి ప్రొటీన్ అని రాసిస్తారు. అందులో ముదిరిన నారలో ఇరుక్కుపోయి ఏ పొట్టలోనూ కరగని భాగం ఉంటుంది. యూరియా దండిగా చల్లిన గడ్డిలోని నైట్రేట్ కూడా కొంత కలిసి ఉంటుంది. కాబట్టి కాగితం మీద 20 శాతం ఉన్న రెండు ఆకులు మేకకు ఒకటి కావు.

పొట్టలో జరిగేది

మేక పెద్దపొట్టలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. ఆకులోని ప్రొటీన్‌లో ఎక్కువ భాగం ముందు వాటి నోట్లోకే పోతుంది. అవి దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. ఆ అమ్మోనియాను మళ్లీ తమ ఒంటి ప్రొటీన్‌గా కట్టుకోవాలంటే వాటికి అదే సమయంలో శక్తి కావాలి: చక్కెరో, పిండిపదార్థమో, లేత నారో. శక్తి అందితే సూక్ష్మజీవులు పెరుగుతాయి, మేతతో పాటు కిందికి జారతాయి, నాలుగో పొట్టలోనూ పేగుల్లోనూ అరుగుతాయి. మేకకు దక్కే ప్రొటీన్‌లో పెద్ద వాటా ఇదే.

శక్తి అందకపోతే అమ్మోనియా రక్తంలోకి వెళుతుంది. కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. కొంత యూరియా లాలాజలంతో తిరిగి పొట్టలోకి వస్తుంది, మిగతాది మూత్రంలో పోతుంది. ఈ మార్పిడికి మేక తన శక్తిని కూడా ఖర్చు పెట్టాలి. అంటే డబ్బు పెట్టి కొన్న ప్రొటీన్ పోవడమే కాకుండా, దాన్ని బయటికి పంపడానికి కూడా మేకే ఖర్చు భరిస్తుంది.

దీన్ని కనిపెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. తెల్లవారుజామున, ఇంకా ఊడ్చకముందు, చెక్కల మచాన్ కింద వంగి చూడండి. ముక్కు పుటాలు మండి కళ్లల్లో నీళ్లు తిరిగేంత ఘాటు ఉంటే, కొట్టం శుభ్రం లేకపోవడం ఒక కారణం కావచ్చు. రోజూ శుభ్రం చేస్తున్నా అంతే ఘాటుగా ఉందంటే ప్రొటీన్‌కు తగిన శక్తి అందడం లేదని అనుమానించాలి.

దీనికి తలకిందులైన ఇబ్బంది ఎండాకాలంలో వస్తుంది. మొత్తం మేతలో ముడి ప్రొటీన్ 7 శాతం కంటే తగ్గితే సూక్ష్మజీవులకే తిండి చాలదు. అవి తగ్గిపోతే నార అరగదు, పొట్ట ఖాళీ కాదు, మేక తినడమే మానేస్తుంది. వరిగడ్డిలో ఉండేది 3, 4 శాతం. ఒట్టి వరిగడ్డి ముందు నిలబడి మేక ముఖం తిప్పుకుంటే అది పొగరు కాదు, నిజంగానే దానికి అరగదు.

నేపియర్: పొట్ట నింపడానికి సరే

కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సీవో-4, సీవో-5 రకాలతో పాటు సూపర్ నేపియర్ కూడా ఇప్పుడు మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పలమనేరు నుంచి సత్యవేడు దాకా కనిపిస్తున్నాయి. నీళ్లుంటే ఇంత రొట్ట ఇచ్చే గడ్డి ఇంకోటి లేదు. కానీ ప్రొటీన్ కోసం దీన్ని నాటుకోవద్దు. 45 రోజులకు కోస్తే 9, 10 శాతం వేసుకోండి. తలెత్తు పెరిగేదాకా వదిలేస్తే ఇంకా తగ్గుతుంది, ఉన్నదీ కాడ నారలో బిగుసుకుపోతుంది. పనివాళ్లు దొరకలేదని రెండు వారాలు ఆలస్యం చేస్తే టన్నులు పెరుగుతాయి, మేకకు దక్కేది పెరగదు. ముక్కలు చేసి వేసినా లావు కాడలన్నీ తొట్టిలోనే మిగలడం చూసే ఉంటారు. ఆవు తింటుంది కదా, మేక ఎందుకు తినదని విసుక్కునేవాళ్లున్నారు. మేక ఆకును ఏరుకుని తినే జంతువు. గడ్డివాము ముందు కట్టేసినా అది ఆకునే వెతుక్కుంటుంది.

బోరు నమ్మకంగా పోస్తుంటే కొంత స్థలంలో నేపియర్ ఉండాల్సిందే. బోరు మీద నమ్మకం లేని మన పడమటి మండలాల్లో మాత్రం ఉన్న నీళ్లను గడ్డికి కాకుండా ఆకుమేతకు పెట్టడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

సుబాబుల్, అవిశ, దశరథ గడ్డి: అసలు పోటీ ఇక్కడే

మూడూ పప్పుజాతి మొక్కలే, మూడింటి ఆకులోనూ ప్రొటీన్ ఇంచుమించు 20 నుంచి 25 శాతం. కాగితం మీద ఇవి కవలలు. పొట్టలోకి వెళ్లాక దారులు వేరు.

అవిశ ఆకు చాలా మెత్తన, వగరు తక్కువ. ద్వాదశి పారణకు మనవాళ్లు వండుకునే ఆకే ఇది. పెద్దపొట్టలో గబగబా కరిగిపోతుంది. అందుకే ఎండుమేత తినే మేకలకు దీన్ని మించిన తోడు లేదు: గడ్డిని అరిగించే సూక్ష్మజీవులకు కావాల్సిన నత్రజని వెంటనే అందుతుంది. అదే అవిశను లేత నేపియర్‌తో, పైన చెనిక్కాయ చెక్కతో (నూనె తీశాక మిగిలే పిప్పితో) కలిపి పెడితే మూడూ ఒకేసారి కరిగి అమ్మోనియా పొంగుతుంది. చెట్టు విషయంలో ఇంకో ఇబ్బంది, మాటిమాటికీ మొదలంటా నరికితే చచ్చిపోతుంది. పక్క కొమ్మలే విరుచుకోవాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ నాటుకోవాలి.

సుబాబుల్‌లో టానిన్లు, అంటే వగరు పదార్థాలు, కొంత ఉంటాయి. తక్కువ మోతాదులో వీటివల్ల లాభమే. పెద్దపొట్టలో ఇవి ప్రొటీన్‌ను పట్టుకుని సూక్ష్మజీవులకు చిక్కకుండా కొంత కాపాడతాయి. ఆమ్లం ఎక్కువగా ఉండే నాలుగో పొట్టకు చేరాక పట్టు వదిలేస్తాయి, అక్కడ ఆ ప్రొటీన్ నేరుగా మేకకు అరుగుతుంది. పెరిగే పిల్లలకూ, పాలిచ్చే తల్లులకూ ఇలా దాటి వచ్చే ప్రొటీన్ విలువ ఎక్కువ.

సుబాబుల్‌తో భయం ఆ ఆకులో ఉండే మిమోసిన్ అనే విషం గురించి. జుట్టు ఊడటం, థైరాయిడ్ ఉబ్బడం, తిండి తగ్గడం దీని లక్షణాలు. ఆస్ట్రేలియాలో సుబాబుల్ తిన్న పశువులు ఇలా దెబ్బతింటుంటే, హవాయిలో అదే ఆకు తిన్న మేకలు నిక్షేపంగా ఉన్నాయి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త దీని వెనక కారణం వెతికారు. హవాయి మేకల పొట్టలో ఆ విషాన్ని విరిచేసే బ్యాక్టీరియా ఉందని తేలింది. 1992లో దానికి ఆయన పేరు కలిసివచ్చేలా సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు. మేక ఏం తినగలదనేది దాని పొట్టలో ఎవరు కాపురం ఉంటున్నారనే దాన్ని బట్టి ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మీ మందకు ఆ కాపురం ఎంత ఉందో చూసి చెప్పలేం కనుక, సుబాబుల్‌ను మొత్తం మేతలో మూడో వంతు దాటనీయకండి. ఒట్టి సుబాబుల్ మీద మందను నడపాలనే ఆలోచన వద్దు.

దశరథ గడ్డిని హెడ్జ్ లూసర్న్ అని కూడా అంటారు. చూడటానికి చిన్న సైజు సుబాబుల్‌లా ఉంటుంది కానీ మిమోసిన్ బెడద లేదు. విత్తనం పైపొర గట్టిది. 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆరబెట్టి చల్లితేనే బాగా మొలుస్తుంది. మొదటి కోత మూడు నెలలకు, తర్వాత దాదాపు ప్రతి 40 రోజులకు. ఒకసారి నాటితే కొన్నేళ్లు కోసుకోవచ్చు. ఆలస్యం చేస్తే కాడ కట్టెలా మారుతుంది, మేకలు ఆకు దూసుకుని కాడ వదిలేస్తాయి. చిన్న కమతం, కాస్త నీటి వసతి, కట్టేసి మేపే పద్ధతి అయితే నా ఓటు దీనికే. పొలం గట్టు, కంచె ఉంటే సుబాబుల్. ఇంటి చుట్టూ నాలుగు చెట్లకే చోటుంటే అవిశ, మునగ. మునగాకులో కూడా ప్రొటీన్ దండిగా ఉంటుంది, కాయలు సంతకు పంపుకుని కొట్టేసిన కొమ్మల ఆకు మేకలకు వేసుకోవచ్చు.

పట్టుపురుగులున్న ఊళ్లలో వెతకాల్సిన పనే లేదు

పలమనేరు, కుప్పం, వి.కోట వైపు మల్బరీ తోటలున్నవాళ్లకు ఈ పోలికలన్నీ సగం అనవసరం. మల్బరీ ఆకులో ప్రొటీన్ 18 నుంచి 22 శాతం దాకా ఉంటుంది. అంతకంటే ముఖ్యం, ఆ ఆకులోనే తేలిగ్గా అరిగే చక్కెరలు కూడా ఉంటాయి, నార లేత. ప్రొటీన్‌తో పాటు దాన్ని వాడుకునే శక్తి కూడా ఒకే ఆకులో వస్తోంది కనుక వృథా తక్కువ. పురుగులు తినగా మిగిలిన రెమ్మలను గుట్టలుగా పోసి కుళ్లబెట్టడం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

అయితే ఒక జాగ్రత్త. పురుగుల పడకల మీద సున్నం, క్రిమిసంహారక పొడులు చల్లుతారు. పొడి పడిన రెమ్మలు మేకలకు వద్దు. తోటకు మందు కొట్టి ఎన్ని రోజులైందో కూడా అడిగి తెచ్చుకోండి.

వగరు ఆకులు: తుమ్మ, నేరేడు, మామిడి

కొండపక్క మేపుకొచ్చే మందలు రకరకాల ఆకు తింటాయి. ఏది ఎంత వగరో తెలుసుకోవడానికి నాలుకే చాలు: చిన్న ముక్క నమిలితే నోరు పిడచకట్టుకుపోతే టానిన్లు గట్టిగా ఉన్నట్టే. మొత్తం మేతలో ఇవి 2 నుంచి 4 శాతం వరకు మేలు చేస్తాయి, 5 దాటితే ప్రొటీన్‌ను పట్టుకుని కింద కూడా వదలవు, అది పెంటికల్లో పోతుంది. గొర్రెతో పోలిస్తే మేక వగరును బాగా తట్టుకుంటుంది, దాని లాలాజలంలోని కొన్ని ప్రొటీన్లు టానిన్లను నోట్లోనే పట్టేస్తాయి. అయినా హద్దు హద్దే.

అందుకని వగరు ఆకును ఒంటరిగా కాకుండా గబగబా కరిగే ఆకుతో కలపండి. పొద్దున తుమ్మ మండలు, సాయంత్రం అవిశ అనుకుంటే అంత ఉపయోగం లేదు, రెండూ ఒకే పూట పొట్టలో కలవాలి. అప్పుడే ఇటు అమ్మోనియా పొంగు తగ్గుతుంది, అటు టానిన్ల పట్టు కూడా చీలిపోతుంది. వగరు ఆకు మితంగా తినే మేకల్లో కడుపులో నులిపురుగుల బెడద కాస్త తగ్గడం అదనపు లాభం.

మామిడి గురించి విడిగా చెప్పాలి, మన జిల్లాల్లో అది లేని ఊరు లేదు కదా. కాపు దిగాక కత్తిరించిన కొమ్మలను మేకలకు వేసేవాళ్లు చాలామంది. ప్రొటీన్ తక్కువ, వగరు ఎక్కువ. ఏమీ లేనప్పుడు పొట్ట నింపడానికి తప్ప, ఆకుమేత లెక్కలో రాసుకోవద్దు. కాయ తొక్క సంగతి వేరు. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు నడిచే రోజుల్లో దొరికే తొక్కలో ప్రొటీన్ లేదు, చక్కెర ఉంది. అంటే సుబాబుల్, అవిశలకు కావాల్సిన జోడీ అదే. పులిసిపోకముందే, పిడికెడుతో మొదలుపెట్టి, ఆకుమేతతో కలిపి వేయాలి. బుట్టలతో కుమ్మరిస్తే పొట్ట పులిసి మేక పడిపోతుంది.

సర్కారు తుమ్మ కాయలు కూడా అంతే, తీపి గుజ్జు మేకలకు ప్రాణం. ప్రొటీన్ ఎక్కువ ఉండేది లోపలి గింజలో. కాయలు యథాతథంగా వేస్తే చాలా గింజలు పెంటికల్లో చెక్కుచెదరకుండా బయటికొస్తాయి, వానకు కొట్టం వెనకాలే మొలుస్తాయి. దంచి లేదా మర పట్టించి వేస్తేనే ఆ ప్రొటీన్ లెక్కలోకి వస్తుంది.

ఎండుమేతలో ఏది?

చెనిక్కాయ కట్టె ఉంటే వరిగడ్డి వైపు చూడకండి. కట్టెలో ప్రొటీన్ 10 శాతం పైనే, ఆకు నిలిచి ఉంటే ఇంకా ఎక్కువ. ఆ ఆకు నిలవడమే కష్టం. ఎర్రటి ఎండలో అతిగా ఎండితే మోసేటప్పుడే ఆకంతా రాలిపోతుంది, వాము చేరేది ఒట్టి కాడ. పెరికాక సగం ఎండనిచ్చి, పొద్దున్నే మంచు తడి ఉన్నప్పుడు కట్టలు కట్టి, నీడలో ఆరబెడితే ఆకు నిలుస్తుంది. వానలో తడిసి బూజు పట్టిన కట్టెను మాత్రం ఎంత నష్టమైనా పెట్టొద్దు. కంది పొట్టు, ఉలవ పొట్టు కూడా బాగా పనికొస్తాయి.

రాగి కసువు వరిగడ్డి కంటే కాస్త నయం. శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపు వరిగడ్డే దిక్కయినవాళ్లు 100 కిలోలకు 4 కిలోల యూరియాను 40, 50 లీటర్ల నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచే పద్ధతి వినే ఉంటారు. పెద్ద పశువులకు మంచిదే. మేకల విషయంలో, ముఖ్యంగా పిల్లలున్న కొట్టంలో, యూరియా జోలికి పోకుండా వరిగడ్డికి అవిశో మునగో తోడు చేయడమే నాకు నచ్చుతుంది. తప్పు జరిగితే ప్రాణం మీదికొచ్చే పని ఎందుకు?

చెక్క, దాణా

చెనిక్కాయ చెక్కలో 40 శాతానికి పైగా ప్రొటీన్. 100 గ్రాముల చెక్క ఇచ్చే ప్రొటీన్ ఇంచుమించు ముప్పావు కిలో పచ్చి సుబాబుల్ ఆకులో వస్తుంది. ధర చూసుకుంటే ఏది లాభమో మీకే తెలుస్తుంది. పైగా ఈ చెక్క ప్రొటీన్ పెద్దపొట్టలో చాలా తొందరగా కరుగుతుంది. ఆకుమేత పుష్కలంగా ఉన్న ఇంట్లో చెక్క కొనడం దండగ, ఆ డబ్బుతో మొక్కజొన్న నూకో, రాగులో, తవుడో కొనండి. ఎండుమేత తప్ప ఏమీ లేని ఇంట్లో మాత్రం చెక్కకు విలువ ఉంది.

గింజ మంచిదన్నారని కుంచాలతో పెట్టినా చిక్కే. పిండిపదార్థం ఎక్కువైతే పొట్ట పులుస్తుంది, నారను అరిగించే సూక్ష్మజీవులు నీరసిస్తాయి, అప్పుడు మేతలోని ప్రొటీన్ కూడా సరిగా బయటపడదు. పెరిగే మేకకు రోజుకు 100, 150 గ్రాములతో మొదలుపెట్టి చూడండి. ఖాళీ కడుపున కాదు, కాస్త మేత పడ్డాక. ఖనిజ లవణ మిశ్రమం మరవొద్దు. సూక్ష్మజీవులు ప్రొటీన్ కట్టడానికి గంధకం కూడా కావాలి.

ఒక మేకకు లెక్క కట్టి చూద్దాం

25 కిలోల పెరిగే మేక రోజుకు తడి తీసేసి లెక్కేస్తే 900 గ్రాముల మేత తింటుంది అనుకుందాం. దానికి 115, 120 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒట్టి నేపియర్ అయితే నాలుగున్నర కిలోల పచ్చిగడ్డి తినాలి, తిన్నా వచ్చేది 80, 90 గ్రాములు. అదే మూడు కిలోల నేపియర్, కిలోంపావు దశరథ గడ్డి ఆకు వేస్తే 120 గ్రాములు అందుతాయి, చెక్క లేకుండానే. ఆకు అన్నానని గమనించండి, కాడతో తూచి లెక్క తగ్గిందంటే కుదరదు. దీనికి పిడికెడు మొక్కజొన్న నూక తోడైతే ఆ 120లో ఎక్కువ భాగం ఒంటికి పడుతుంది.

పని జరుగుతోందో లేదో పెంటికలు చెబుతాయి. నల్లగా, గుండ్రంగా, విడివిడిగా పడుతుంటే సరే. రాయిలా గట్టిపడి, విరిస్తే లోపల నార పోగులు కనిపిస్తే ప్రొటీన్ చాలడం లేదు, ఆకు పెంచండి. ముద్దలుగా అంటుకుని మెత్తగా పడుతుంటే లేత పచ్చిమేతో, చెక్కో, గింజో ఎక్కువైంది. నులిపురుగులున్నా ఇలాగే పడతాయి కాబట్టి మందు ఎప్పుడు తాపారో చూసుకోండి. పదిహేను రోజులకోసారి అవే మేకలను, అదే వేళకు, మేత వేయకముందు తూచి రాసుకుంటే ఊహలతో పని ఉండదు.

ఏ మేతకు మారినా రెండు మూడు వారాలు పట్టించండి. మొదటి వారం పాతదానిలో పావు వంతు కొత్తది, అంతే. పొట్టలోని సూక్ష్మజీవుల మందకు కొత్త తిండి అలవాటు కావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. బక్రీదుకు నెల ముందు కొని ఒక్కసారిగా గింజ, చెక్క దట్టించేవాళ్ల దగ్గరే మేకలు రాత్రికి రాత్రి పోవడం ఎక్కువ. మేత బలం పెంచే ముందే, పేగుల్లో విషం పుట్టి ఇలా హఠాత్తుగా చంపే చిటుక వ్యాధికి టీకా వేయించుకోండి, దగ్గర్లోని పశువైద్యశాలలో అడగండి. మన దగ్గర నవంబరు, డిసెంబరు వానల్లో తడి ఆకు, లేత ఆకు ఒకేసారి పడితే కడుపు ఉబ్బుతుంది. కోసిన ఆకును పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చూరు కింద వాడనిచ్చి, ముందు గుప్పెడు ఎండు కట్టె తినిపించాకే తొట్టిలో వేయండి.